కట్టుడు పళ్లు: పెట్టిన రోజు, ఆ తర్వాతి నలభై రోజులు



కిందటేడు బక్రీదు వెళ్లాక, మన సొసైటీ తరఫున కట్టుడు పళ్లు పెట్టించుకున్న పెద్దల ఇళ్లకు ఒకసారి వెళ్లి చూసి వద్దామని మేము బయలుదేరాం. దాచేదేముంది, మా ఉద్దేశం ఫొటోలు తీసుకోవడమే. సావనీరులో వేయడానికి నవ్వుతున్న ముఖాలు నాలుగైదు దొరుకుతాయనుకున్నాం. మొదటి ఇంట్లోనే ఒక నానీమా మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచి ఒక చేతిరుమాలు మూట తెచ్చారు. విప్పితే పై సెట్టు, కింది సెట్టు. మేమిచ్చిన ప్లాస్టిక్ కవరు కూడా అలాగే ఉంది. "కొత్తవే బేటా, నేనేమీ పాడు చేయలేదు. పెట్టుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది. అవసరమున్న వాళ్లకెవరికైనా ఇచ్చేయండి, సవాబు దక్కుతుంది" అన్నారు.

ఆవిడకు ఏం చెప్పాలో మాకు తోచలేదు. చీరైతే ఇంకొకరు కట్టుకుంటారు, దుప్పటైతే ఇంకొకరు కప్పుకుంటారు. ఒకరి చిగుళ్లకు అచ్చు తీసి చేసిన పళ్లు లోకంలో ఇంకెవరి నోటికీ సరిపోవు. ఆ రోజు ఇంకో నాలుగిళ్లు తిరిగాం. ఒక ఇంట్లో పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకుంటున్నారు. ఒక ఇంట్లో కింది సెట్టు విరిగింది. ఇంకో పెద్దాయన తనకు గుచ్చుకుంటున్న చోట గరుకు కాగితంతో తానే అరగదీసుకుని పూర్తిగా వదులు చేసుకున్నారు. ఫొటోలు తీయకుండానే తిరిగొచ్చాం.

మాకు సాయం చేస్తున్న పళ్ల డాక్టరు గారి దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటే ఆయన ఒకటే మాట అన్నారు. "మీరు పళ్లిచ్చారు. వాటిని నేర్చుకునే రోజులు ఇవ్వలేదు." బాలింతకు చిల్లా ఎలాగో కట్టుడు పళ్లకూ అలాగే నలభై రోజులు కావాలని ఆయన లెక్క. నోటి కండరాలు, నాలుక, బుగ్గలు కొత్త పద్ధతికి అలవాటు పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని వైద్యులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. ఆ రోజుల్లో ఏం జరుగుతుందో మాకే తెలియకుండా ఇన్నాళ్లూ పళ్లు పంచిపెట్టాం. తెలుసుకున్నది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం. మీ సొమ్ముతో జరిగే పని కనుక మీకు తెలియాలి. మీ ఇంట్లోనూ అబ్బాజానో అమ్మీజానో రేపో మాపో పళ్లు పెట్టించుకునేవారుంటే ఇంకా బాగా పనికొస్తుంది.

ముందు, ఇవి ఎలా తయారవుతాయో కాస్త చూద్దాం. మన ఇళ్లల్లో పళ్ల సెట్టును బత్తీసీ అంటాం గానీ పూర్తి సెట్టులో సాధారణంగా ముప్పై రెండు ఉండవు, పైన పద్నాలుగు, కింద పద్నాలుగు, మొత్తం ఇరవై ఎనిమిదే ఉంటాయి. జ్ఞానదంతాలు పెట్టరు. పళ్లు పీకించిన వెంటనే సెట్టు చేయించాలని ఇంటివాళ్లు తొందరపడతారు. పైకి పుండు కొన్ని వారాల్లోనే మానినా లోపలి ఎముక ఆకారం మారుతూనే ఉంటుంది. ఆ మార్పు మొదటి నెలల్లో మరీ ఎక్కువ. అందుకే డాక్టరు ఆగమంటారు. ఆగకుండా చేయిస్తే త్వరగా వదులవుతుంది.

ఒక సెట్టుకు నాలుగైదు సార్లు కుర్చీలో కూర్చోవాలి. మొదటిసారి ముద్దతో పైపై అచ్చు తీస్తారు. దాన్ని బట్టి ఆ నోటికే సరిపోయే ట్రే ఒకటి తయారుచేసి, రెండోసారి అసలు అచ్చు తీస్తారు. ఈ రెండో అచ్చుకు చాలాచోట్ల వాడే ముద్దలో లవంగనూనె సత్తు ఉంటుంది కనుక గదంతా బిర్యానీ మసాలా వాసన వేస్తుంది. మూడోసారి మైనం దిమ్మెలు నోట్లో పెట్టి రెండు దవడలు ఎంత ఎత్తులో, ఎక్కడ కలవాలో కొలుస్తారు. నాలుగోసారి మైనంలో పళ్లు గుచ్చి పెట్టి చూపిస్తారు. ఇంటివాళ్లు తప్పకుండా పక్కన ఉండాల్సింది ఈ రోజునే. పన్ను రంగు, పొడుగు, పెదవి నిండుతనం, నవ్వితే ఎలా ఉందో అద్దంలో చూసుకుని అప్పుడే చెప్పాలి. మైనమైతే డాక్టరు అప్పటికప్పుడు మార్చగలరు. ఆ తర్వాత మైనాన్ని కరిగించి తీసేసి, ఆ జాగాలో అక్రిలిక్ నింపి వేడినీళ్లలో గట్టిపరుస్తారు. ఇక ఏం మార్చాలన్నా కష్టమే. మేము మొదట్లో క్యాంపుల్లో చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. అందరినీ వరుసగా కూర్చోబెట్టి త్వరత్వరగా ముగించాలన్న ఆత్రంలో, ఈ నాలుగో రోజున ఇంటివాళ్లను రమ్మని చెప్పనేలేదు.

అక్రిలిక్ వాడకం 1930ల చివరి నుంచి వచ్చింది. దానికి ముందు గట్టిపరచిన రబ్బరు, ఇంకా ముందు ఏనుగు దంతం వాడేవారు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవిలోకి వచ్చేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయన కట్టుడు పళ్లు పైకీ కిందికీ కలిపి స్ప్రింగులు బిగించినవి. నోరు మూసుకుని ఉండాలన్నా దవడ బిగపట్టాల్సిందే. దేశాన్నేలిన మనిషికి దక్కని సుఖం ఈ రోజు మన బస్తీలో అవ్వకూ తాతకూ దక్కుతోంది. కానీ స్ప్రింగుల్లేకుండా ఇవి ఎలా నిలుస్తాయి? ఇది అర్థమైతే మిగతా కష్టాలు సగం అర్థమైనట్టే.

తడిసిన రెండు గాజు పలకలను ఒకదానిమీద ఒకటి అంటించి లాగి చూడండి, ఊడిరావు. పై సెట్టు నిలిచేది ఆ సూత్రం మీదే. అంగిలి అంతా కప్పిన ప్లేటుకూ చర్మానికీ మధ్య పల్చని ఉమ్మి పొర ఉంటుంది, అంచుల చుట్టూ గాలి దూరకుండా మూసుకుని ఉంటుంది. అందుకే ఉమ్మి తక్కువైతే పై సెట్టు జారుతుంది. కింది సెట్టుకు ఆ అదృష్టం లేదు. మధ్యలో నాలుక ఉంది కనుక దాన్ని గుర్రపు నాడా ఆకారంలో చేయాలి. చిగురు మీద అది ఆనే జాగా పైదానితో పోలిస్తే సుమారు సగమే. పైగా నాలుక కదిలిన ప్రతిసారీ దాన్ని లేపాలని చూస్తుంది. పై సెట్టు అంటుకుంటుంది, కింది సెట్టు ఊరికే కూర్చుంటుంది, అంతే. మా పెద్దల్లో పదిమంది ఫిర్యాదు చేస్తే అందులో ఎక్కువమంది ఫిర్యాదు కింది సెట్టు మీదే. "డాక్టరు పైది బాగా చేసి కిందిది చెడగొట్టాడు" అని తిట్టుకుంటారు. అది డాక్టరు తప్పు కాదు, ఆ ఎముక, ఆ నాలుక అలాంటివి. నాలుకను వెనక్కి లాక్కోకుండా, దాని కొస కింది ముందుపళ్ల లోపలి వైపు మెల్లగా ఆనేలా ఉంచుకోవడం నేర్చుకుంటే కింది సెట్టు చాలావరకు కుదురుకుంటుంది. ఒక్క పూటలో వచ్చే విద్య కాదు ఇది.

మొదటి రోజు సంగతి. నోట్లో ఏదో పెద్ద వస్తువు చేరింది కనుక అది తిండేనని నోరు అనుకుంటుంది, ఉమ్మి ఊరుతుంది. చాలామంది ఊరినప్పుడల్లా ఉమ్మేస్తారు. ఉమ్మినప్పుడల్లా సెట్టు పైకి లేస్తుంది. మింగేయాలి. నాలుగైదు రోజుల్లో ఊట తగ్గుతుంది. వాంతి వచ్చినట్టుండటం కూడా మామూలే. అది వచ్చినప్పుడు నిటారుగా కూర్చుని ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుకోవాలి, మనసును ఇంకో పనిలో పెట్టాలి. వారం గడిచినా తగ్గకపోతే ప్లేటు వెనక అంచు పొడుగైందేమో చూసి డాక్టరు తగ్గిస్తారు, అయిదు నిమిషాల పని. మన నానీమా పెట్టె మూసేసింది ఈ అయిదు నిమిషాల పని జరగకే. ఎక్కడికి వెళ్లి అడగాలో ఆవిడకు మేము చెప్పలేదు.

బుగ్గ కొరుక్కోవడం, నాలుక కొరుక్కోవడం, ముఖం ఉబ్బినట్టు తోచడం, ఇవన్నీ మొదటివారంలో వస్తాయి. ముఖం సంగతిలో ఇంటివాళ్ల నోరు కాస్త అదుపులో ఉండాలి. "దాదీ, నువ్వు వేరేలా ఉన్నావు" అని పిల్లలు నవ్వితే ఆ దాదీ ఇక కొంగు అడ్డం తీయరు. పళ్లు లేనప్పుడు కొంగు అడ్డం పెట్టుకున్నారు, పళ్లొచ్చాకా అదే చేస్తే మనం సాధించిందేమిటి?

పుండ్లు పడటం గురించి వివరంగా చెప్పాలి, ఎక్కువ సెట్లు పెట్టెల్లోకి చేరేది ఇందుకే. చిగురు మెత్తన, ప్లేటు గట్టిది. ఎంత మంచి అచ్చు తీసినా ఎక్కడో ఒకచోట ఒత్తుతుంది. అందుకే పెట్టిన మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి డాక్టరుకు చూపించాలి. ఆయన లోపల తెల్లటి పేస్టు రాసి పెట్టి తీసి, ఎక్కడ పేస్టు చెదిరిందో చూసి సరిగ్గా అక్కడే ఇంత అరగదీస్తారు. కంటికి కనిపించని మందమే, దానితోనే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంట్లో గరుకు కాగితంతోనో చాకుతోనో గీకితే ఒత్తేచోటు అలాగే ఉండి, పట్టి ఉంచే అంచు పోతుంది. నొప్పి ఎక్కువైతే సెట్టు తీసి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి విశ్రాంతి ఇవ్వవచ్చు. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మాత్రం కొన్ని గంటల ముందైనా పెట్టుకుని వెళ్లాలి. పెట్టుకోకుండా వెళితే ఎర్రదనం పోయి ఉంటుంది, ఎక్కడ ఒత్తుతోందో ఆయనకు కనిపించదు.

ఇంకో మాట. సెట్టు సరిచేయించి, లేదా తీసేసి ఉంచినా రెండు వారాల్లో మానని పుండు ఏదైనా ఉంటే, అది పళ్ల వల్లేలే అని ఊరుకోకూడదు. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ అలవాటున్నవారు అసలే ఊరుకోకూడదు. నోటి క్యాన్సరు మొదట్లో నొప్పి కూడా లేని చిన్న పుండుగానే కనిపించవచ్చు.

తిండికి వద్దాం. పళ్లొచ్చాయని ఆ సాయంత్రమే దావత్‌కు తీసుకెళ్లి ముందర మటన్ ముక్క పెట్టే కొడుకులను మేము చూశాం. ప్రేమే, కాదనం. కానీ కట్టుడు పళ్లతో నమిలే బలం సొంత పళ్ల బలంలో నాలుగోవంతుకు మించదు, చాలామందికి అంత కూడా ఉండదు. మొదటి రెండు మూడు రోజులు జావ, మెత్తటి ఖిచ్డీ, దాల్చాలో నానబెట్టిన రొట్టె, పప్పన్నం, ఉడికిన గుడ్డు, అరటిపండు. తర్వాత ఇడ్లీ, కీమా, బాగా ఉడికిన కూరగాయలు. హలీమ్ కనిపెట్టిన మహానుభావుడికి పళ్లు లేని తల్లి ఉండి ఉంటుందని మాకో అనుమానం, అంత చక్కగా సరిపోతుంది. మటన్ అయితే చిక్కుడుగింజంత ముక్కలు చేసుకోవాలి. జొన్నరొట్టె, వేయించిన పల్లీలు, మక్కకంకి, పల్లీపట్టీ నెలా రెండు నెలల తర్వాతి మాట. జామపండు గింజలు, నువ్వులు ప్లేటు కిందికి దూరితే ఇసుకరేణువు కంట్లో పడ్డట్టే.

నమిలే పద్ధతి కూడా మారాలి. పళ్లు ఊడుతూ వచ్చిన సంవత్సరాల్లో ఉన్న పళ్ల వైపే నమలడం అలవాటైపోతుంది. కట్టుడు పళ్లతో ఒకవైపే నమిలితే రెండోవైపు లేస్తుంది, త్రాసు లాగా. ముద్దను రెండుగా చేసి రెండువైపులా ఒకేసారి, వెనకపళ్లతో, పైకీ కిందికీ నమలాలి. ముందుపళ్లతో జామకాయ కొరికితే పై సెట్టు వెనక నుంచి ఊడుతుంది. చాకుతో కోసుకుని తినడమే మేలు.

రెండు ప్రమాదాలు చెప్పి తీరాలి. అంగిలి కప్పుకుపోయింది కనుక వేడి తెలియదు. పొగలు కక్కే చాయ్ నేరుగా గొంతులోకి వెళ్లి కాల్చే దాకా తెలియదు. ముందు పెదవికి ఆనించి చూసుకోవాలి. అలాగే చేప ముల్లు. సొంత అంగిలి ఉంటే నాలుకకూ అంగిలికీ మధ్య ముల్లును పసిగట్టి తీసేస్తాం. ప్లేటు ఉంటే ఆ స్పర్శ ఉండదు. గోదావరి, కృష్ణా ఒడ్డున ఉన్న మనవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. మొదటి నెలల్లో ముల్లు ఇంకొకరు ఏరి పెట్టాలి. రుచి కొంత తగ్గినట్టుండటం కూడా ఇందుకే. రుచి తెలిసేది ఎక్కువగా నాలుకతోనే కాబట్టి అది మెల్లగా సర్దుకుంటుంది.

మాట గురించి ఒక ఉస్తాద్ గారి సంగతి చెప్పాలి. మక్తబ్‌లో నలభై ఏళ్లుగా పిల్లలకు ఖాయిదా నేర్పుతున్నవారు. పళ్లు పెట్టించుకున్నాక సీన్, సాద్ పలికితే ఈల వచ్చింది, పిల్లలు నవ్వారు. ఫే పలికితే గాలి పోయింది. తజ్వీద్ నేర్పే నోటితో తప్పు పలికితే దాన్ని మించిన కష్టం ఆయనకు లేదు. పళ్లు తీసి జేబులో వేసుకున్నారు. ఆయన బాధ మాకు న్యాయంగానే తోచింది. "స" అనే శబ్దం నాలుకకూ ముందుపళ్ల వెనకభాగానికీ మధ్య సన్నటి సందులోంచి గాలి దూసుకొస్తే పుడుతుంది. ఇప్పుడు ఆ సందు కొలత మారింది, నాలుక ఇంకా పాత కొలతనే వెతుక్కుంటోంది. "ఫ", "వ" పలకాలంటే కింది పెదవి పై ముందుపళ్ల అంచును తాకాలి, ఆ అంచు ఇప్పుడు కొత్త చోట ఉంది. నాలుకకు కొత్త చోటు నేర్పే మార్గం ఒక్కటే, గట్టిగా చదవడం. ఆయన మేము చెప్పినట్టే రోజూ అసర్ తర్వాత ఇంట్లో తలుపు వేసుకుని పేపరు బిగ్గరగా చదివారు, ఉర్దూలో అరవై నుంచి అంకెలు లెక్కపెట్టారు. ఇక్సఠ్, బాసఠ్, తిర్సఠ్, చౌసఠ్. ఆ అంకెల్లో సకారం ఎన్నిసార్లు వస్తుందో చూడండి, నోటికి అంతకంటే మంచి కసరత్తు లేదు. మాట మొదలుపెట్టే ముందు పళ్లు కలిపి ఒకసారి గుటక వేస్తే సెట్టు కుదురుకుంటుంది, అది కూడా ఆయనకు పనికొచ్చింది. మూడోవారం చివరికి పిల్లల ముందు కూర్చోగలిగారు. సాద్ మాత్రం ఇంకా తనకు తృప్తిగా లేదంటారు. డాక్టరు ముందుపళ్ల వెనక కొంచెం పల్చన చేశారు. పలికేటప్పుడు పళ్లు టకటకమని కొట్టుకుంటే మాత్రం అది సాధనతో పోయేది కాకపోవచ్చు. సెట్టు వదులుగానో ఎత్తు ఎక్కువగానో ఉండి ఉండవచ్చు, చూపించాలి.

వుజూ చేసేటప్పుడు ప్రతిసారీ తీయాలా, గుస్ల్‌లో తీయాలా అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవారు మీ ఇమాం గారు, మేము కాదు. మేము చెప్పగలిగింది పళ్ల క్షేమం గురించే. వుజూఖానా అరుగు సిమెంటుది, నేల రాయిది. తడిచేతుల్లోంచి జారితే రెండు ముక్కలే. తీయదలిస్తే అంగోస్త్రమో తువ్వాలో ఒడిలో పరచుకుని తీయండి, పుక్కిలించి వెంటనే పెట్టుకోండి. గట్టు మీద పెట్టి జమాత్‌కు పరుగెత్తి, సలాం తిప్పాక వచ్చి చూస్తే పళ్లు లేని ఉదంతం ఒకటి మాకు తెలుసు.

రాత్రి తీయాలి. పళ్లు పీకిన రోజే పెట్టిన సెట్టయితే వేరు, దాన్ని మొదటి ఇరవై నాలుగు గంటలు తీయవద్దంటారు. మిగతావాళ్లందరూ పడుకునేముందు తీసి చిగుళ్లకు ఆరేడు గంటలు విశ్రాంతి ఇవ్వాలి. రాత్రింబవళ్లు పెట్టుకుని ఉంటే ప్లేటు కింద బూజుజాతి సూక్ష్మజీవి పెరిగి అంగిలి ఎర్రగా మారుతుంది. షుగరున్నవాళ్లకు ఇది మరీ త్వరగా వస్తుంది. తీసిన పళ్లు పొడిగా వదలకూడదు, మంచినీళ్లలో ఉంచాలి. గ్లాసులో కాదు, మూతున్న డబ్బాలో. గ్లాసులో ఉంచితే తెల్లవారి కోడలు చూడకుండా పారబోస్తుంది, తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆస్పత్రిలో చేరినప్పుడు కాగితంలో చుట్టి దిండు పక్కన పెట్టవద్దు, ఊడ్చేవాళ్లు చెత్త అనుకుంటారు.

శుభ్రం చేయడానికి మెత్తటి బ్రష్షు, మామూలు ఒంటిసబ్బు చాలు. టూత్‌పేస్టు వద్దు, అందులోని గరుకు అక్రిలిక్ మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరుతుంది. బొగ్గు, బూడిద, ఉప్పు సంగతి చెప్పనక్కర్లేదు. మరిగే నీళ్లు అసలే వద్దు, ప్లేటు వంకర తిరుగుతుంది. కింద నీళ్ల బేసిను పెట్టుకుని కడిగితే జారినా విరగదు. పళ్లు లేని చిగుళ్లనూ, నాలుకనూ మెత్తటి గుడ్డతో తుడవాలి. మిస్వాక్ అలవాటున్నవారు మిగిలిన సొంత పళ్లకు మానక్కర్లేదు, ప్లేటుకు మాత్రం బ్రష్షే.

రమజాన్ విషయం మాకు ఆలస్యంగా తెలిసింది. జకాత్ సొమ్ము ఆ నెలలోనే వస్తుంది కనుక పళ్ల క్యాంపూ ఆ నెలలోనో, అంతకుముందు షాబాన్‌లోనో పెట్టేవాళ్లం. పగలంతా నీళ్లు లేని నోట్లో ఉమ్మి తగ్గుతుంది. ఉమ్మి తగ్గితే పై సెట్టు పట్టదు, పొడినోట్లో ప్లేటు రాపిడికి పుండ్లు త్వరగా పడతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి అసలే నోరు ఎండుతుంది. పాత పళ్లున్నవారు రోజా ఉంటూ బాగానే గడుపుతారు. నేర్చుకునే నలభై రోజులు మాత్రం రమజాన్‌లో పడకూడదు. ఇప్పుడు అచ్చులు తీయడం షవ్వాల్‌లో మొదలుపెడుతున్నాం. రమజాన్‌లో ఇచ్చిన సొమ్ముకు ఈదు నాటికి పళ్లు కనిపించలేదేమని కొందరు దాతలు అడిగారు. కారణం ఇదే.

పళ్లు పట్టి ఉంచే జిగురు పేస్టులు మందుల షాపుల్లో దొరుకుతాయి. ప్రయాణానికో పెళ్లికో మూడు నాలుగు చోట్ల శనగగింజంత పెట్టుకుంటే తప్పులేదు. రోజూ ట్యూబులు ట్యూబులు వాడితే తప్ప నిలవడం లేదంటే సెట్టు సరిపోవడం లేదని అర్థం. జింకు కలిసిన జిగుర్లను ఏళ్ల తరబడి అతిగా వాడినవారిలో ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. కొనేముందు డబ్బా మీద చూసుకోవాలి.

సరిపోకపోవడానికి అసలు కారణం ఎముక. పన్ను పోయాక దాన్ని పట్టి ఉంచిన ఎముక జీవితాంతం కరుగుతూనే ఉంటుంది. ఆంట్యె టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పాతికేళ్ల కాలాన్ని పరిశీలించి 1972లో ప్రచురించిన అధ్యయనంలో, పైదవడ కంటే కిందిదవడ ఇంచుమించు నాలుగు రెట్లు ఎక్కువ కరిగినట్టు తేలింది. అందువల్ల పళ్లు బాగున్నా కింద జాగా మారిపోతుంది. అప్పుడు ప్లేటు లోపలి వైపు కొత్త పొర వేయించవచ్చు, సెట్టంతా మార్చనక్కర్లేదు. ఏడాదికొకసారి చూపించుకుంటే ఇది బయటపడుతుంది. అయిదు నుంచి ఏడేళ్లకు మాత్రం కొత్త సెట్టు అవసరం పడటం మామూలే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో ఈ పనుల విభాగాలు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉన్న మన పెద్దలను అక్కడికి తీసుకెళ్లడానికి తోడు మనిషి ఉంటే చాలు.

తోడు మనిషి అన్న మాట దగ్గరే మా లెక్కలు మారాయి. "ఒక సెట్టు నా తరఫున" అని ఇచ్చే దాతలు, అల్‌హమ్దులిల్లాహ్, మనకు కొదవ లేదు. ముసలావిడను మూడుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి తెచ్చే ఆటో కిరాయికి ఇస్తామన్నవారు మాత్రం ఇన్నేళ్లలో ఇద్దరే. రసీదు మీద ఆటో కిరాయి అని రాస్తే అందంగా ఉండదు, నిజమే. ఈ ఏడాది నుంచి సెట్టు ఖర్చులోనే మూడు తిరుగు ప్రయాణాలనూ, మూత డబ్బానూ, బ్రష్షునూ కలిపే లెక్క రాస్తున్నాం. అందువల్ల అదే సొమ్ముకు సెట్లు తగ్గుతాయి. కిందటేటి సంఖ్యతో పోల్చి చూసే దాతలు ఈ మాట గమనించగోరుతాం. ఆటో కిరాయికి జకాత్ సొమ్ము ముట్టుకోవడం లేదు, దానికి సదఖా, చందాల నుంచే తీస్తున్నాం. ఆడవాళ్ల ఇళ్లకు మన మహిళా విభాగంలోని ఇద్దరు చెల్లెళ్లు మొదటివారం రోజు విడిచి రోజు వెళ్తున్నారు. వాళ్లు చేసేది పెద్ద వైద్యమేమీ కాదు. పక్కన కూర్చుని ఖిచ్డీ తినిపించి, పుండుందా అని అడిగి, ఉంటే డాక్టరుకు ఫోను చేయడం.

నానీమా పాత సెట్టును కూడా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఏడాదిపాటు రుమాల్లో పొడిగా ఉన్నందున, ఈలోగా చిగురు మారినందున కిందిది పనికిరాదన్నారు. పైదానికి లోపల కొత్త పొర వేసి, వెనక అంచు తగ్గించారు. కిందిది మళ్లీ చేయించాం. ఆ ఖర్చు మా పొరపాటుదే కనుక కమిటీ సభ్యులం పంచుకున్నాం. ఇప్పుడు పైది పొద్దుణ్నుంచి రాత్రిదాకా ఉంచుకుంటున్నారు. కిందిది తినేటప్పుడు, ఎవరైనా వచ్చినప్పుడు పెట్టుకుంటారు. మిగతా వేళల్లో అది వంటింటి గూట్లో నీలంరంగు డబ్బాలో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు ఆవిడే తలుపు తీశారు, "ఉండండి బేటా" అని లోపలికి వెళ్లి, అది పెట్టుకుని వచ్చి కూర్చున్నారు.